దొరసాని వార్తలో చివరి వాక్యం

ఆ రోజుల్లో పేపర్లో పేరు పడితే మనిషి ఒక అంగుళం పెరిగినట్టుండేది. నేను రెండు మూడు అంగుళాలు పెరిగిన కాలం సంగతి చెబుతున్నాను. హిందూపురంలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేరి ఏడాది దాటింది. జేబులో రెండు పెన్నులు (ఒకటి రాయడానికి, ఒకటి కనబడడానికి), భుజాన సంచి, నడకలో కలెక్టరుకు కూడా లేనంత తొందర. నీళ్లు రాని కొళాయిలు, వెలగని వీధి దీపాలు, సగంలో ఆగిన మురుగు కాలువ, వీటి మీద రాసీ రాసీ విసుగొచ్చి, జనం చదివి కంటతడి పెట్టుకునే వార్త ఒక్కటైనా దొరక్కపోతుందా అని ఎదురుచూస్తుండగా జట్కా తాత దొరికాడు. దొరికాడనే రాస్తున్నాను. అప్పట్లో నాకు మనుషులు పరిచయమయ్యేవాళ్లు కాదు, వార్తల్లాగా దొరికేవాళ్లు.

రైల్వే స్టేషను ముందర మిగిలిన ఆఖరి జట్కా ఆయనది. ఆటోలు వచ్చాక ఆ బండిలో చింతపండు మూటలు తప్ప మనుషులు ఎక్కడం అరుదైపోయింది. గుర్రం పేరు దొరసాని. వెనక ఆటోవాడు ఎంత హారన్ కొట్టినా పక్కకు జరిగేది కాదు. తల తిప్పి వాణ్ణి ఒకసారి చూసి, మళ్లీ ముందుకు తిరిగేది. ఆ చూపుకే ఆ పేరు. తాతకు మోకాళ్లు పోయాయి. గుడిబండలో ఉన్న కూతురు, ఇంక చాలు, మా ఇంటికి వచ్చెయ్యమంది. ఆమెది రెండు గదుల ఇల్లు, ముందర గొర్రెల దొడ్డి. గుర్రానికి అక్కడ చోటు లేదు.

"సంతలో అమ్మేస్తే పోలా?" అన్నాను, బుర్ర ఉన్నవాడిలాగా.

"అమ్మితే ఇంగ నాకు అడిగే హక్కు యాడుంటాది రిపోర్టరప్పా? ఊరికే ఇస్తా. బాగా సూసుకునేవాళ్లకి ఇస్తా. ఒగటే మాట. పెట్టుకోల్యాకపోతే తెచ్చి నాకే ఇయ్యాల. ఇంగొకరికి ఇయ్యకూడదు. అంతదాకా వస్తే గొర్రెల్ని జరిపి దొడ్లోనే కట్టేసుకుంటా. ఈ మాట రాయి. ఏది రాసినా రాయకపోయినా, ఈ మాట రాయి."

రాశాను. అక్కడే ఉంది నా ప్రతిభంతా. ఆ వార్తను పెనుకొండ కోటతో మొదలుపెట్టాను. కోట గుమ్మాల్లో వినిపించిన గుర్రపు డెక్కల చప్పుడు, రాయల కాలపు అశ్వదళాలు, కాలచక్రం కింద నలిగిన జట్కా చక్రం, దొరసాని కంట్లోంచి జారిన నీటి బొట్టు (జారలేదు, ఈగ వాలింది) ఇవన్నీ అయిపోయాక, ముగింపులో గుండెకు తగలాలని తాత పెట్టిన షరతును చిట్టచివరి వాక్యంగా పెట్టాను. కవరు అనంతపురం బస్సు డ్రైవరుకు ఇచ్చి, అది కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాను. పేజీలో చోటు చాలకపోతే డెస్కువాళ్లు వార్తను కింది నుంచి కోస్తారని నాకు తెలియక కాదు. ముఖ్యమైన మాట పైన పెట్టవయ్యా అని మా డెస్కు పెద్దాయన నాకు పదిసార్లు చెప్పి ఉంటాడు. కాకపోతే ఆ నియమం కొళాయి వార్తలకని, నా సాహిత్యానికి వర్తించదని నా నమ్మకం.

మూడో రోజు వార్త వచ్చింది. బస్టాండులో నాలుగు కాపీలు కొన్నాను. ముందు నా పేరు చదువుకున్నాను. తర్వాత ఫోటో చూసుకున్నాను. తర్వాత మళ్లీ నా పేరు. ఒక కాపీ చంకలో పెట్టుకుని స్టేషను దగ్గరికి వెళ్తే, తాత బండి దిగి, తలపాగా తీసి, "సదువు నాయనా, దానిగ్గూడా ఇనబడేట్టు సదువు" అన్నాడు. ఆయనకు చదువు రాదు. నేను గొంతు సవరించుకుని, కోట దగ్గర మొదలుపెట్టి, ఇద్దరు ఆటోవాళ్లు, ఒక బజ్జీల ఆయన కూడా చేరేసరికి ఇంకాస్త ఎత్తుకుని చదివాను. కన్నీటి బొట్టు దగ్గర వార్త అయిపోయింది. దాని కింద మూలవ్యాధికి శస్త్రచికిత్స లేని వైద్యం అనే ప్రకటన ఉంది.

"ఆ మాట?" అన్నాడు తాత.

నిజం చెప్పడానికి ఒక్క ఊపిరి పట్టేది. చుట్టూ నలుగురు వింటున్నారు, అప్పుడే ఒకాయన భేష్ అన్నాడు. నేను మూలవ్యాధి ప్రకటన మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు జరుపుతూ, "పెట్టుకోలేనివారు గుర్రాన్ని తిరిగి యజమానికే అప్పగించాలని, మరొకరికి ఇవ్వరాదని ఆయన షరతు" అని చదివాను. తాత దొరసాని మెడ నిమిరి, "ఇన్నావా?" అన్నాడు. అది నా వైపు తల తిప్పి చూసింది. ఆటోవాళ్లను చూసే చూపే.

వారంలో పెనుకొండ నుంచి ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు వచ్చాడు. వ్యాను, పూలదండ, శాలువా, ఫోటోగ్రాఫరు అన్నీ తెచ్చుకున్నాడు. ఏం తింటుందని మాత్రం అడగలేదు. తాత తనంతట తానే చెప్పబోయాడు. "ఉలవలు పచ్చివి పెట్టొద్దు సామీ, ఉడకేసి, సల్లార్చి పెట్టాల. తడినేల మీద కట్టెయ్యొద్దు. గిట్టలు నెలకోసారి సూపియ్యాల." కరస్పాండెంటు ఆ మాటలన్నిటికీ కెమెరా వైపు తిరిగి తలూపాడు. చివర్లో తాత, "పేపర్లో రాసిండేది సదివినారు కదా?" అన్నాడు. "చదవకుండా వస్తామా పెద్దాయనా, అక్షరం అక్షరం చదివినాం" అన్నాడాయన. పాపం, నిజమే చెప్పాడు. నేను పక్కనే నిలబడి నోట్సు రాసుకున్నాను. మర్నాడు 'మూగజీవికి ఆసరా' అని మూడు కాలమ్‌ల వార్త. దాన్ని కూడా కోశారు, కానీ అందులో కోయకూడనిది ఏదీ లేదు.

స్కూలు వార్షికోత్సవంలో దొరసాని మీద తొమ్మిదో తరగతి రాయలవారు ఊరేగారు. ఉత్సవం అయ్యాక కరస్పాండెంటుకు ఒక సంగతి తెలిసొచ్చింది, గుర్రం మర్నాడు కూడా తింటుందని. మందార మొక్కలు తిన్నది, ఆఫీసు గది ముందర పేడ వేసింది, తనిఖీకి వచ్చిన అధికారికి దారి ఇవ్వలేదు. రెండు నెలలకు ధర్మవరం పేజీలో చిన్న వార్త చూశాను. ఒక పట్టుచీరల వ్యాపారికి 'అశ్వదానం'. ఫోటోలో అదే కరస్పాండెంటు, మళ్లీ శాలువా, ఈసారి ఇచ్చే వైపు నిలబడి. నేను ఆ పేజీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. గుడిబండకు బస్సుంది, పోయి చెప్పొచ్చు. చెబితే మూలవ్యాధి సంగతి కూడా చెప్పాలి. పోలేదు.

దసరా దాటాక తాతే వచ్చాడు, కర్ర పట్టుకుని, చేతిలో మూతున్న స్టీలు డబ్బాతో. ఉడకేసిన ఉలవలు. "ఒగసారి సూసొస్తామప్పా, నువ్వుంటే వాళ్లు లోపలికి రానిస్తారు." పెనుకొండ స్కూలు వాచ్‌మన్ మమ్మల్ని చూసి, "ఆ గుర్రమా? ఎప్పుడో ధరమారం పోయ" అన్నాడు. తాత నా మొహంలోకి చూశాడు. నేను బస్సు టైము చూశాను. ధర్మవరం చేరేదాకా ఆయన ఒకటే మాట అంటూ వచ్చాడు: "రాసినాం కదా. మర్సిపోయింటారు. గుర్తు జేస్తే ఇస్తారు."

వ్యాపారి మంచివాడే. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. పెళ్లి ఊరేగింపులకు పనికొస్తుందని తీసుకున్నాడట. మొదటి పెళ్లిలోనే డీజే మోతకు బెదిరి పెళ్లికొడుకును దించేసిందట. "ఇంగేం జేస్తామప్పా, రైల్వే గేటు అవతల ఇడ్సిపెట్టినాం. గడ్డి ఉంటాది గదా అని. రెండు దినాలు ఆడే ఉండాదన్నారు. తర్వాత ఎవురో తోలకపోయినారంట, యాడికో తెలీదు."

"తెచ్చి నాకే ఇయ్యాలని రాసినాం కదా సామీ" అన్నాడు తాత.

"యాడ రాసినారు పెద్దాయనా?" అంటూ వ్యాపారి లేచి, గోడకున్న పటం తీశాడు. నా వార్తే. కరస్పాండెంటు గుర్రంతోపాటు లామినేషన్ చేయించిన కటింగును కూడా దానం చేశాడు. "సదివి ఇనిపిస్తా ఉండు" అని వ్యాపారి పెనుకొండ కోట నుంచి మొదలుపెట్టాడు. నా రచన ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. అంత పొడుగ్గా ఎందుకు రాశానో నాకే అర్థం కాలేదు. కన్నీటి బొట్టు దగ్గర ఆపి, "ఇంతే" అన్నాడు. తాత ఇంకా వింటూనే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బాగా సదువుతావు నాయనా నువ్వు" అన్నాడు. "ల్యాని మాట గూడా సదివినావు."

రైల్వే గేటు అవతల సాయంత్రం దాకా తిరిగాం. ఎద్దుల అడుగులు, మేకల అడుగులు కనిపించాయి. వెనక్కి వచ్చేటప్పుడు రోడ్డు పక్క ఎవరిదో బర్రె కట్టేసి ఉంటే, తాత దాని ముందర డబ్బా వంచాడు. "పోనీ, ఇదన్నా తిననీ." బస్సులో మూత సరిగ్గా పడని ఆ డబ్బా గలగలమంటూనే ఉంది. గుడిబండ బస్సు ఎక్కించాక ఆయన నాకు మళ్లీ కనబడలేదు. నేను వెతికానని కూడా చెప్పను.

ఇన్నేళ్ల తర్వాత, ఈమధ్య, ఊరేగింపులకు గుర్రం తిప్పే ఒకతను మా ఇంటికొచ్చాడు. గుర్రానికి వయసైపోయింది, ఊరికే ఇచ్చేస్తాం, వాట్సాప్‌లో పెట్టడానికి నాలుగు మంచి మాటలు రాసివ్వమన్నాడు. నేను మొదటి వాక్యం రాసి చూపించాను: "పెట్టుకోలేకపోతే వెనక్కి తెచ్చి మాకే ఇవ్వాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు." రెండో వాక్యంలో గుర్రం వయసు. మూడోది లేదు, కింద నా ఫోన్ నంబరు తప్ప.

"ఏం సార్, పేపరోళ్లు కదా మీరు, ఇంత ఎండుకట్టె మాదిరి రాస్తిరి? ఇట్ల పెడితే ఎవురొస్తారు?" అన్నాడు.

నాలుగు రోజులు ఎవరూ రాలేదు. అయిదో రోజు రొళ్ల దగ్గర్నుంచి ఒకామె ఫోన్ చేసింది. గొర్రెలు మేపుకునే కుటుంబం. ముందుగా అడిగింది, "అన్నా, పెట్టుకోల్యాక ఎనక్కి తెస్తే తిట్టరు గదా?" అని. తిట్టరమ్మా అన్నాను. "దానికి ఉలవలు పచ్చివి పెట్టొచ్చునా?"

ఉడకేసి, చల్లార్చి పెట్టాలని చెప్పాను. తడినేల మీద కట్టెయ్యొద్దని, గిట్టలు నెలకోసారి చూపించాలని చెప్పాను. ఆమె ప్రతి మాటా తిరిగి అనుకుంటూ, "నీకెంత బాగా తెలుసన్నా గుర్రాల గురించి" అంది. నవ్వొచ్చింది. చంకలో పేపరు పెట్టుకుని స్టేషను వైపు పరుగులాంటి నడక నడుస్తున్న ఆ రెండు పెన్నుల కుర్రాడు గుర్తొచ్చాడు. తాత ఈ మాటలన్నీ చెబుతున్నప్పుడు వాడు అక్కడే ఉన్నాడు. వాడి నోట్సులో మాత్రం శాలువా రంగు ఉంది.