గవాచి మీది బండ, లిథువేనియా పొగ

నా చిన్ననాటి విసుగంతా పొగ దగ్గరే మొదలవుతుంది. తెక్కలకోటలో మాది మట్టిమిద్దె. వంటింటి కప్పులో పొగ పోయేందుకు గవాచి అని ఒక కంత ఉండేది. వానొస్తే మిద్దెక్కి దాని మీద బండ మూయాలి, వెలిసినాక తీయాలి. ఆసారి మూసింది మా తాత. తీయాల్సిందీ ఆయనే. వాన వెలిసి ఎనిమిది దినాలైంది. నా లెక్కలో ఎనిమిది యుగాలు.

తీయకపోవడానికి కారణం లిథువేనియా. సంస్కృతం అయ్యవారుగా పనిచేసి ఇంటిపట్టున కూర్చున్న తాతకు, బళ్ళారి పాత పుస్తకాల అంగట్లో భాషల చుట్టరికాల మీద దిండంత పుస్తకం దొరికింది. రష్యా పక్కనుండే ఆ దేశంలో పొగను ‘దూమై’ అంటారట. మన ధూమమూ అదీ ఒక తల్లి పిల్లలట, ఏ కాలంలోనో విడిపోయినారట. పైగా వాళ్ళు ఒక పొగ అనరట, మామూలుగా పొగలనే అంటారట. ఇది చెప్పడానికి బస్సు కండక్టరును పట్టుకుని, సిరుగుప్ప బస్సును అరగంట నిలబెట్టినాడు. ఎవరూ దొరకని పూట నేనున్నాను. నూటపదహారు సార్లు విన్నాను. నా పక్కన కట్టేసిన బర్రె కూడా విని విని పాలు తగ్గించింది.

లోపల అవ్వ తడిసిన పత్తికట్టె ఊదుతూ అరిచేది.

“ఏమయ్యో, ఆ బండ ఎప్పుడు తీస్తావు? నా కండ్లు పోతాండాయి!”

“తీస్తాలేవే, ఈ మాట ముగియనీ.”

ఆ వారంలోనే అవ్వ సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలవడం మొదలుపెట్టింది. తాత అది గమనించలేదు.

తొమ్మిదో దినం అవ్వ గొంతులో తేనె కారింది. పొయ్యి పక్కన పీట వేసి, “ఈడికొచ్చి చెప్పయ్యా, నేనూ ఇంటా. ఇన్నేండ్లలో నాకెప్పుడు చెప్పినావు?” అంది. తాత పొంగిపోయి కూర్చున్నాడు. అవ్వ నన్ను బయటికి తోసి, తలుపు వేసి, తడి కట్టెలు ఇంకో రెండు ఎగదోసింది.

“మన ధూమము...” అన్నంతవరకే వినబడింది. ఆ తర్వాత మిద్దె కూలేంత దగ్గు.

“ఇంగా చెప్పయ్యా, వాళ్ళు ఎన్ని పొగలంటారు?”

తలుపు తెరుచుకుంది. కళ్ళలో తుంగభద్ర పారుతుండగా తాత బయటికొచ్చి, నిచ్చెన వేసుకుని, బండ లాగేశాడు. పొగ ఆయన మొహం మీదుగానే పైకి లేచింది. కింది నుంచి అవ్వ, “అదో, నీ దూమై!” అంది. తాత చాలాసేపు దిగలేదు. దిగినాక అవ్వ చేతిలోని ఊదుగొట్టం తీసుకుని తానే పొయ్యి ముందు కూర్చున్నాడు.

నా ఖర్మ, ఆ మాట నేనింకా మరిచిపోలేదు. ఇంటికొచ్చిన వాళ్ళకు చెప్పాలని నాకూ నాలుక దురద పుడుతుంది. కానీ ముందు లేచి, వంటింటి కిటికీ తెరిచొస్తాను.