అరిటాకు మీద ఎడమచేతి కోత

ముప్ఫై ఏళ్లుగా అరిటాకులు కోసి అమ్మే ఆ పెద్దావిడని అందరూ ఆకులమ్మ అనే పిలిచేవారు. ఆవిడ లోకమల్లా కౌలుకు తీసుకున్న ఎకరం తోట, ఆకులు కట్టలు కట్టే రేకుల షెడ్డు, పొద్దున తొమ్మిదింటికి వచ్చే ఆటో. కొడుకు లారీ నడుపుతూ నెలకు ఇరవై రోజులు ఊళ్లోనే ఉండడు. తోటలో తోడు కోడలే. పని నేర్పింది అత్తగారే, తన తర్వాత తోట ఈ పిల్లదే అని లోలోపల నిర్ణయించుకుంది కూడా. ఆ మాట మాత్రం పైకి అనలేదు. ముందే చెబితే నెత్తికెక్కుతారని ఆవిడ భయం.

ఆకులమ్మకి ఒక గొప్ప ఉండేది. కోసిన ఆకు చేతికిస్తే చాలు, కోత చూసి ఎవరు కోశారో చెప్పేసేది. ఆ గొప్పే కొంప ముంచింది.

వానలు మొదలయ్యాక ఆకుల అంచులు తెగడం మొదలైంది. గాలికి చిరిగిన ఆకు సంగతి ఆవిడకి తెలియనిదా? ఇది అలా లేదు. అంచు నుంచి లోపలికి బ్లేడు పెట్టి గీసినట్టు తెగి, తెగిన భాగం చుట్టలా చుట్టుకుని ఉంది. ఒక చిన్న చుట్ట విప్పి చూస్తే ఖాళీ. లోపల కాస్త తెల్లటి పొడి, అంతే. ఆకు పాడైతే కట్టలో పెట్టడానికి పనికిరాదు. ఎవరో పనిగట్టుకుని చేస్తున్నారు!

కోత ఎడమవైపు నుంచి మొదలైంది. కోడలిది ఎడమచేతివాటం. పైగా ముఖానికి పౌడరు లేనిదే గుమ్మం దాటదు. ఇక సాక్ష్యం ఎందుకు? కుడివైపు నుంచి తెగిన ఆకులు కూడా సగం ఉన్నాయి గానీ, వాటిని ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు. ఎండాకాలంలో కోడలు, "అట్టపెట్టెల కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారట, అత్తయ్యా," అన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది. ఓహో, తోట దండగని తేలిస్తే వదిలించుకోవచ్చు కదా!

ఆ రోజు నుంచి ఆవిడకి కంటి మీద కునుకు లేదు. కోడలి పౌడరు డబ్బాలో పొడి ఎంతవరకు ఉందో పెన్సిలుతో గీత పెట్టుకుంది. నాలుగు రోజులకి పొడి గీత కిందికి దిగింది. ముఖానికి రాసుకున్నా దిగుతుందన్న సంగతి ఆవిడకి తట్టనే లేదు.

ఒకరోజు ఆటోవాడి ఎదుటే ఆకు ఎత్తి చూపించి అడిగేసింది.

"ఇది ఎవరి పని?"

"నేను కోయలేదు, అత్తయ్యా."

"కోత నాతో అబద్ధమాడదు. మనుషులే ఆడతారు. రేపట్నుంచి తోటలో అడుగుపెట్టకు."

కోడలు కత్తి తుడిచి బల్ల మీద పెట్టి, ఇంట్లోకి వెళ్లిపోయింది.

వారం గడిచేసరికి కోతలు రెట్టింపయ్యాయి. తెల్లవారుజామున దొంగతనంగా వచ్చి కోస్తోందన్నమాట. ఆకులమ్మ మసక వెలుతురులోనే వెళ్లి ఒక చెట్టు చాటున పీట వేసుకుని కూర్చుంది.

కోడలు రాలేదు. గోధుమరంగు సీతాకోకచిలుక ఒకటి వచ్చింది. విసిరిన రాయిలా దూసుకొచ్చి అరటిపువ్వు మీద వాలింది. రెక్కల మీద పసుపు మచ్చలు, కొక్కెంలా వంగిన మీసాలు, ఎర్రటి కళ్లు. దాని వాలకం కూడా ఆవిడకి నచ్చలేదు. దాని సంగతేమిటో చూద్దామని మెడ చాచేసరికి, ముక్కు ముందున్న ఆకు అంచు కదిలింది. చిన్న పురుగొకటి అంచుని కొరుక్కుంటూ లోపలికి పోతోంది. తల అటూ ఇటూ తిప్పి దారాలు అంటిస్తోంది. చూస్తుండగానే ఆకు దానంతటదే చుట్టుకుంది.

పక్కనున్న పెద్ద చుట్ట విప్పింది. నల్లటి తల, లేత ఆకుపచ్చ ఒళ్లు, దాని మీద తెల్లటి పొడి. ఆవిడ వేళ్లకంతా అంటుకుంది. ఇంకొకదానిలో పురుగు సీతాకోకచిలుకగా మారే కోశం ఉంది, దాని మీదా అదే పొడి. సీతాకోకచిలుక ఎక్కణ్నుంచి వస్తోందో అప్పుడర్థమైంది.

గబగబా ఇంటికొచ్చింది. కోడలు కొత్త నీలం కోటు వేసుకుని గుండీలు పెట్టుకుంటోంది. కంపెనీలో ఆ రోజు నుంచే పని.

"పురుగే, అమ్మా! చుట్టలు చుట్టేది పురుగు. పొడి కూడా దాని ఒంటిదే," అంది ఆకులమ్మ, ఆయాసపడుతూ. "నువ్వు వెళ్లకు."

"తెలుసు, అత్తయ్యా. మొదటివారమే చూశాను. ఒళ్లు పెరిగాక చిన్న చుట్టలో పట్టక, అది వదిలేసి ఇంకో పెద్దది చుట్టుకుంటుంది. మీరు మొదట విప్పిన ఖాళీ చుట్ట అది వదిలేసిందే."

"మరి చెప్పలేదేమే?"

"చెబితే ఆ పురుగుని నేనే తెచ్చి వదిలానని అనేవారు."

ఛ, అవేం మాటలే అందామని ఆకులమ్మ నోరు తెరిచింది. దీనికి ఇన్ని వివరాలు ఎలా తెలుసు, ఎక్కణ్నుంచి తెచ్చిందో అన్న మాట అప్పటికే నాలుక చివర సిద్ధంగా ఉంది. సిగ్గుతో ఆవిడ ప్రాణం చచ్చిపోయింది. తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

కోడలు ఆ ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"చూశారా, అత్తయ్యా," అంది మెల్లగా. సంచీ భుజాన వేసుకుని బస్సు కోసం బయల్దేరింది.