కమ్మరి భార్య వేసిన పట్టా

నర్సీపట్నంలో మూడో తరగతికి చదువు చెప్పిన రోజుల్లో, పనివాళ్ళను పనిలో ఉండగానే చూపించాలని వారానికొకసారి పిల్లలను బజారులోకి తీసుకువెళ్ళేవాణ్ణి. ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందురోజు కబురు పెట్టడం నా పద్ధతి. కమ్మరి ఇంటికి పెట్టలేదు. ఆనాటి డైరీలో మొదట రాసుకున్న తప్పు అదే.

పెరట్లో అడుగుపెట్టి నిలబడిపోయాను. ఇనుము పెట్టి కొట్టే దాగలి ముందు సుత్తి ఎత్తి ఉన్నది కమ్మరి భార్య. అతను పక్కన కూర్చుని కొలిమి తిత్తి లాగుతున్నాడు. ఆడవాళ్ళు తిత్తి లాగవచ్చుగాని దాగలి మీద సుత్తి వేయకూడదని మా వైపు పట్టింపు. వేస్తే ఆ ఇనుము నిలవదనేవారు.

అడుగుల చప్పుడుకి అతను తల తిప్పాడు. కళ్ళు రెండూ పొరలు కమ్మి తెల్లబడి ఉన్నాయి. ఊళ్ళో బండి చక్రాలకు ఇన్నాళ్ళూ ఇనుప పట్టాలు వేస్తున్నది ఎవరో అప్పుడు తెలిసింది.

"బాబూ, ఈ సంగతి బయటికెల్తే మాకు మరి సక్రం ఒక్కటి రాదు," అన్నాడు.

ఈలోగా పిడకల మంటలో పట్టా ఎర్రబడింది. చల్లారితే చక్రానికి ఎక్కదు. ఆమె పిల్లల వైపు ఒకసారి చూసి, కొంగు బిగించి, భర్త చేతికి పట్టకారు అందించింది.

"ఇటు. ఇంకాస్త ఇటు. దించు."

ఇద్దరూ పట్టాను చక్రం మీదికి దించారు. ఆమె చుట్టూ తిరుగుతూ సుత్తితో దిగగొట్టి నీళ్ళు పోసింది. ఆవిరిలో చెక్క కిరకిరమంటూ బిగుసుకుంది. ఆ చక్రం తమ బండిదేనని ఒక పిల్ల గుర్తుపట్టింది.

తిరిగి వస్తూ, చూసినది ఇళ్ళల్లో చెప్పవద్దన్నాను.

"బాగా సేసింది కదండీ. ఎందుకు సెప్పకూడదండీ?" అంది ఆ పిల్ల.

చూపించడానికి తీసుకువెళ్ళినవాణ్ణి నేనే. చెప్పవద్దనే మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తండ్రి కమ్మరి ఇంటి మీదికి వచ్చాడని తెలిసి పరుగెత్తాను. ఆడమనిషి చెయ్యి పడ్డ పట్టా తనకొద్దని, తీసేయమని పట్టుబడుతున్నాడు.

"మీరే తీసీసుకోండి బాబూ," అని ఆమె సుత్తి తెచ్చి అతని ముందు పెట్టింది.

అతను నిజంగానే కొట్టాడు. చక్రాన్ని తిప్పి తిప్పి, చొక్కా తడిసేదాకా కొట్టాడు. పట్టా వెంట్రుకంత కూడా కదలలేదు. సుత్తి కింద పెట్టి, చక్రం అడిగి తెచ్చుకున్న బండిలో వేసుకున్నాడు. ఇక ఊరంతా చాటుతాడనే అనుకున్నాను. కాడి దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఆ రెండో సక్రం ఎప్పుడు తేమంటావు?"

కమ్మరి తల ఎత్తాడు. ఆ పిల్ల తండ్రి చూస్తున్నది ఆమెకేసి.

"గురువారం తెండి. బేగి రావాల, మంట నేను ముందే పెట్టీసి ఉంచుతాను," అంది ఆమె.