మౌసు లేని కంప్యూటరూ, మామ మండీలో మొదటి బిల్లూ

చదువు అప్పుడే ముగించి, లోకమంతా తన రాక కోసమే ఎదురుచూస్తోందని మనిషి గట్టిగా నమ్మే రోజులు కొన్ని ఉంటాయి. నాకూ ఉండేవి. కోవిల్‌పట్టి కాలేజీలో ఒక సీనియర్ అక్క దగ్గర నేను నేర్చుకున్న గొప్ప విద్య, మౌసు ముట్టకుండా కంప్యూటరు నడపడం. దాన్ని టైలింగ్ అంటారు. తెర మీద బొమ్మలుండవు, నొక్కడానికి గుర్తులుండవు, వట్టి నల్ల తెర. కిటికీ బొమ్మ ఉన్న కీని పట్టుకుని ఒక అక్షరం నొక్కితే ఒక విండో తెరుచుకుంటుంది, ఇంకో అక్షరానికి మూసుకుంటుంది, అంకె నొక్కితే తెరే మారిపోతుంది. విండోలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు. అన్నదమ్ములు పంచుకున్న పొలంలా పక్కపక్కనే ఉంటాయి, కొత్త వాటాదారు వస్తే ఉన్నవాళ్ల చెక్కలు చిన్నవవుతాయి. (ఇదంతా మా అమ్మకు గంటసేపు వివరిస్తే, ఆమె ఓపిగ్గా విని, దీనికి జీతమిస్తారా అని అడిగింది.)

జీతం విరుదునగర్‌లో దొరికింది. అక్కడ మా మేనమామకు మిరపకాయల మండీ ఉంది. బిల్లులేసే సీటు ఖాళీ అయితే నన్ను పిలిపించాడు. వెళ్లిన వారంలోనే కంప్యూటరును నా పద్ధతికి మార్చేసి, మౌసును అటక మీదికి పంపేశాను. మామ వచ్చి చూస్తే నల్ల తెర, పాపం కరెంటు పోయిందనుకుని ఫ్యానుకేసి చూసేవాడు. ఏ చిన్న పనికైనా నన్నే పిలవాలి. నేను లేకపోతే విరుదునగర్ మిరపకాయకు దిక్కు లేదన్నంత గర్వం నాకు. కాకపోతే ఆ సీటు ఇంకా నాది కాలేదు. మామ మండీలో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది: విజయదశమి నాడు మొదటి బిల్లు ఎవరి చేత్తో పడితే ఆ ఏడాదంతా సీటు వాళ్లదే. అప్పటిదాకా అందరూ 'చూద్దాం' కింద లెక్క. సీటు రాకపోతే ఊరికొచ్చి బీఎడ్‌లో చేరమని మా నాన్న అప్పటికే చెప్పి ఉంచాడు. నాకు బీఎడ్ పేరు చెబితే జ్వరం వచ్చేది.

ఆయుధపూజ రోజు మా అత్త వచ్చింది. పెళ్లై ఆ ఇంటికి వచ్చిన నాటినుంచీ ఆమె మండీ గుమ్మం లోపలికి వచ్చేది ఆ పూజకు మాత్రమే. కాటాకూ, మూటలు లాగే కొక్కేలకూ, గోతాలు కుట్టే దబ్బనాలకూ వరసగా చందనం, కుంకుమ పెట్టుకుంటూ నా దగ్గరికొచ్చి, కీబోర్డును భక్తిగా చూసి, "ఏమ్మా, దీంట్లో పెద్దది ఏదీ? దానికి నిండా పెడతా," అంది. నేను వినయంగా ఉండాల్సింది. ఉండలేదు. కిటికీ బొమ్మ కీని చూపించి, "ఇదే అత్తా, ఇది లేకుంటే ఏదీ నడవదు," అన్నాను. అత్త పన్నీరు కలిపిన చందనాన్ని ఆ కీ మీద ధారాళంగా పెట్టింది. మా ఇళ్లల్లో పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టుకోరు. చందనం తీరిగ్గా సందుల్లోకి దిగి ఎండిపోయింది.

మర్నాడు విజయదశమి, హారతి అయ్యాక నేను పట్టు పావడా సర్దుకుని సీట్లో కూర్చున్నాను. విళాత్తికుళం వైపు నుంచి మూటలు తెచ్చిన ఒక తాత మొదటి బేరానికి ఎదురుగా నిలబడ్డాడు. ఆ కీ లోపలికి దిగి అలాగే అతుక్కుపోయిందని నాకు తెలిసేలోపే తాత పేరు కొట్టడం మొదలుపెట్టాను. అక్షరం పడాల్సిన చోట తెర రెండైంది. ఇంకోటి కొడితే నాలుగైంది. కంగారులో ఎంటర్ మీద ఎంటర్ నొక్కితే చెక్కలు చెక్కలై, చివరికి ఒక్కో విండో అగ్గిపెట్టెంత అయింది. తాతకు మాత్రం ముచ్చటేసింది. "ఏమప్పా, ఇదీ పూజలో సేర్తియేనా?" అని, అంటే ఇదీ పూజలో భాగమేనా అని, మామనడిగాడు. మామ ముఖంలో నాకు బీఎడ్ కాలేజీ కనిపించింది.

చందనం తుడిచేస్తే పోయేదే. కానీ తుడవబోతే మామ చెయ్యడ్డం పెట్టాడు. "బొట్టు చెరపకూడదమ్మా. మొదటి బిల్లు పడినంక ఏమైనా చేసుకో." వేరే కీబోర్డు తెస్తే దానికి పూజ జరగలేదాయె. చివరికి ఒక దబ్బనం అందుకుని, బొట్టు చెదరకుండా పక్కనుంచి దూర్చి ఆ కీని పైకెత్తాను. ఎత్తి పట్టుకున్నంతసేపూ అన్నీ బుద్ధిగా పనిచేశాయి, వదిలితే మళ్లీ పంపకాలే. నా రెండు చేతులూ దానికే సరి. ఇక అక్షరాలు కొట్టేదెవరు? మామ కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ అత్తను చూశాను. ఆమె పళ్లెం కింద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని, "చెప్పు, కొడతా," అంది. తాత పేరూ, మూటలూ, తూకమూ నేను చెబుతుంటే ఒక్కో అక్షరం వెతుక్కుని ఒకే వేలితో కొట్టింది. కాగితం బయటికొచ్చింది. అందరూ దణ్ణం పెట్టారు.

ఊపిరి పీల్చుకుని నేను దబ్బనం కింద పెడుతుంటే మామ గొంతు సవరించుకున్నాడు. చెప్పడం ఆయనకూ ఇష్టం లేదు, కానీ కట్టుబాటు తాతలది. "ఎవరి ఏలు పడితే వాళ్లకే సీటు," అని అత్త వైపు తిరిగాడు. "ఏమే, ఈ ఏడు నువ్వే కూచోవల్ల." నవ్వులాటకు అన్నాడేమోనని అందరం చూశాం. అత్త నవ్వలేదు. తన వేలికేసి ఒకసారి చూసుకుని, నా వైపు తిరిగి, తెర మీది విండో చూపించి, "ఇది మూసేది ఎట్ల?" అని అడిగింది.

ఆ సాయంత్రం సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి పోయే బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. తర్వాత మామ మళ్లీ పిలిపించి, నాలుగు నెలలు అత్తకు నేర్పే పని నాకే ఇచ్చాడు, కాబట్టి బీఎడ్ తప్పింది. అటుపిమ్మట తూత్తుకుడిలో ఓడల సరుకు రాసే ఆఫీసులో చేరాను. మొన్న విరుదునగర్ వెళితే అత్త సీట్లోనే ఉంది. తల ఎత్తకుండా, "కూచో, ఈ మూట ముగించేస్తా," అంది. మామ పక్కన నిలబడి ఏదో బిల్లు కావాలని బతిమాలుతున్నాడు. అత్త గొంతులోని అధికారం విని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆనాటి బస్సులో ఏడుస్తున్న పిల్ల పక్కన కూర్చుని, పోయిందనుకున్న సీటు ఎక్కడికీ పోలేదే, దానికోసం నీకన్నా ఎక్కువ కాలం కాచుకున్న మనిషికి దొరికింది, అని చెప్పాలనిపించింది. చెప్పినా వినే రకం కాదు. ముక్కు తుడుచుకుని కిటికీ వైపు తిరిగి, తనకు తెలియంది నాకేం తెలుసని అనుకునేది.