బోసిమెడ కోడి ఒప్పుకోలు

హుకుంపేట దగ్గరి కొండ ఊళ్లో కోళ్లు పెంచే ముసలమ్మ ఒకామె ఉండేది. ఏ కోడినైనా దేవతకి కోసే ముందు దాని ముందు నాలుగు బియ్యం గింజలు వేసేది. పొడిచి తింటే ఒప్పుకున్నట్టు. పరిశోధన కోసం రెండు చుక్కల కోడి రక్తం అడిగిన నాకూ అదే పద్ధతి పెట్టింది.

నాకు కావలసింది మెడమీద ఈకల్లేని బోసిమెడ కోడి. మెడమీద ఈకల్ని ఆపగల జన్యువు అన్ని కోళ్లలోనూ ఉంటుంది. బోసిమెడ కోడిలో మాత్రం, ఎక్కడినుంచో వచ్చి చేరిన డీఎన్ఏ ముక్క ఒకటి మెడ దగ్గర ఆ జన్యువుచేత అతిగా పనిచేయిస్తుంది. ఆ ముక్కని చదవాలని నా ఆశ. అలాంటి కోడి ఆమె దగ్గర ఒక్కటే ఉంది. అది వరసగా మూడు రోజులు గింజల వంక చూసి వెళ్లిపోయింది.

నాలుగో రోజు పొద్దున ఆమె కాఫీ తోటకి వెళ్లగానే దాన్ని గంప కింద మూసేశాను. సాయంత్రం ఆమె గింజలు వేస్తే గబగబా మింగేసింది. నేను సూది తీశాను. ఆమె కోడి గొంతు కింద మేతసంచి తడిమి చూసింది; ఆ నాలుగు గింజలు తప్ప ఖాళీ.

“ఆకలికి తినీసినాది బాబూ, ఒప్పుకున్నాది కాదు. ముందు కడుపు నింపీసి, అప్పుడడగాల,” అని దాన్ని వదిలేసింది.

ఇప్పుడు మనుషుల రక్తం సేకరిస్తున్నాను. సంతకం పెట్టినవాళ్లకి టిఫిన్ అన్నది మావాళ్ల పద్ధతి. నేను ముందు టిఫిన్ పెట్టించి, తరువాత ఒప్పుకోలు కాగితం ఇస్తున్నాను. మా సార్‌కి ఇది నచ్చలేదు. నిన్న నలుగురు తిని, చేతులు కడుక్కుని, “రక్తం ఇవ్వం” అని చెప్పి వెళ్లిపోయారు.

ఉప్మా మాత్రం బాగుందన్నారు.