బీరమ్మ పోసిన మూడు గుక్కలు

ఝరాసంగం పక్క పల్లెలో బీరమ్మ కలుపు తీయని చేను లేదు. ఊరి బావి తాడు ముట్టుకోకూడని వాడకట్టు ఆమెది. దాహమైతే పెద్దిళ్లవాళ్లు పైనుంచి పోస్తారు, కింద వంగి దోసిలి పట్టాలి. ఆ వంగడం ఇష్టం లేకనే ఎండబెట్టిన సొరకాయ బుర్రలో తన నీళ్లు తానే చేనుకు మోసుకుపోయేది. మాట పడే మనిషి కాదు, దాచుకునే మనిషీ కాదు. అలాంటిది ఒక్క మాటను నాలుగేళ్లు కడుపులో పెట్టుకుంది. పెట్టుకుందనడం తప్పు, ఊరు పెట్టించింది.

అరవై నాలుగో సంవత్సరం, మార్గశిరం. శనగ చేనులో ఒక్కతే ఆకు గిల్లుతోంది. విమానం నడపడం నేర్చుకునేవాళ్లు పడమటి నుంచి రోజూ ఆ దారినే వచ్చిపోయేవాళ్లు. చప్పుడు వింటే తల ఎత్తడం ఆమెకు అలవాటు. ఆ పొద్దు తల ఎత్తేసరికి విమానం పక్కకు ఒరిగింది. మళ్లీ నిలబడలేదు. గట్టు అవతల నేల అదిరింది.

మంట లేదు. ముక్కు నల్లరేగడిలో దిగబడిపోయింది. అందులో ఉన్నది ఒక్కడే, ఇరవై ఏళ్లు నిండాయో లేదో. బీరమ్మ పరుగెత్తుకొచ్చేసరికి ఎలాగో బయటికి జారి మట్టిలో పడి ఉన్నాడు. "పానీ" అన్నాడు. జహీరాబాద్ అంగడికి పోయివచ్చే మనిషికి ఆ మాత్రం ఉర్దూ రాకపోదు. అతని తల ఒళ్లో పెట్టుకుని సొరకాయ బుర్ర నోటికి వంచింది. మూడు గుక్కలు మింగాడు. నాలుగోది పెదవి పక్క నుంచి కారిపోయింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, కాసేపటికి ఆ పట్టు వదులైంది. అతని మణికట్టుకు ఎర్రదారం కట్టి ఉంది.

జనం చేరారు. పోలీసు పటేలు చెన్నబసప్ప సంగతి విని అదిరిపడ్డాడు.

"నీళ్లు తాగిచ్చినవా? ఏ కులపోడో ఏమో! నీ చేతి నీళ్లు తాగిండని తెలిస్తే వాళ్లోళ్లు ఊకుంటరా? దెబ్బ తాకినోనికి నీళ్లు పోసి సంపిన్రని ఊరు మీద కేసు పెడ్తరు. ఎవ్వలు దగ్గరికి పోలేదు. గంతే!"

పటేలుది దుర్మార్గం కాదు, ఉత్త భయం. చచ్చిపోయేవాడి నోట్లో నీళ్లు పోయాలన్నా ముందు కులం అడగాలనుకునే ఊరు అది. మిలిటరీ వాళ్లొచ్చి అడిగితే ఊరంతా ఒక్క నోటితో చెప్పింది. పడగానే ప్రాణం పోయింది, దగ్గర ఎవరూ లేరు. వాళ్లు అదే రాసుకుపోయారు.

బీరమ్మకు ఆ రాత మీదే మనసు. ఆ కాగితం ఏ ఊరికి పోయిందో, అది విని ఏ తల్లి ఎట్లా ఏడ్చిందో. నా కొడుకు ఒంటరిగా పోయాడనుకుంటుంది కదా, గుక్కెడు నీళ్లు లేక దూప మీద పోయాడనుకుంటుంది కదా! "ఒక్కసారి ఆమె కనవడితే సాలు. ఒక్క మాట చెప్త" అనేది పెనిమిటి గుండయ్యతో.

"మన పని మనకు సాలదా? ఊకో" అనేవాడు గుండయ్య.

ఊరుకుంటే బీరమ్మ ఎందుకవుతుంది? ఒక అంగడినాడు జహీరాబాద్ పోస్టాఫీసు ముందు ఉత్తరాలు రాసిపెట్టే ఆయన ఎదుట కూర్చుంది. విలాసం చెప్పమన్నాడాయన. "గాలిమోటరు పడి సచ్చిపోయినోని అమ్మకు" అంది. ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. ఊరూ పేరూ లేని ఉత్తరం ఎక్కడికని పోతుంది? ఆమె వచ్చిన దారినే నడిచి ఇంటికొచ్చింది. విమానం చప్పుడు వినబడినప్పుడల్లా, చేతిలో ఏ పని ఉన్నా ఆపి, అది కనుమరుగయ్యేదాకా చూసేది. నడిపేవాడు దించి నేల మీద కాలు పెట్టేదాకా ఆమె గుండె కుదుటపడేది కాదు. పెట్టాడో లేదో ఆమెకెలా తెలుస్తుంది, పాపం!

నాలుగేళ్లకు అదే మార్గశిరంలో ఒక జీపు ఆ చేను గట్టున ఆగింది. ఒక మిలిటరీ ఆయన, తెల్లచీర కట్టిన ఒకామె దిగారు. చెన్నబసప్ప చేతులు కట్టుకుని ముందు నడిచి చోటు చూపించాడు. బీరమ్మా గుండయ్యా అదే చేనులో కలుపు తీస్తున్నారు.

ఆ తెల్లచీర ఆమె హిందీలో ఒక్కటే అడిగింది. "చిన్నప్పటి నుంచీ నా కొడుక్కి దాహం ఎక్కువ. నీళ్లేమైనా అడిగాడా?"

"లేదమ్మా. పడంగనే పోయిండు. ఎవ్వలు లేరు" అన్నాడు పటేలు, వచ్చీరాని ఉర్దూలో.

బీరమ్మ లేచింది. గుండయ్య కొంగు పట్టి గుంజాడు. "వద్దే. రేపటి నుంచి మనకు కూలి దొరకదు."

ఆమె కొంగు విడిపించుకుంది.

"మై పిలాయీ అమ్మా. మై పానీ పిలాయీ!"

పటేలు "బీరీ!" అని అరిచాడు. ఆమె వినలేదు. ఒళ్లో తల పెట్టుకుని నీళ్లు తాగించినది, అతను మూడు గుక్కలు మింగినది, చెయ్యి పట్టుకున్నది, అన్నీ తనకు తెలిసిన ఉర్దూలో, తెలియనిచోట చేతులతో చెప్పింది. మణికట్టు ముట్టుకుని "లాల్ ధాగా" అంది. ఆ ఎర్రదారం కట్టి సాగనంపింది ఆ తల్లే. ఆమె అక్కడే మట్టిలో కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. బీరమ్మా ఏడ్చింది.

తర్వాత ఆ తల్లి గట్టు మీది సొరకాయ బుర్రను చూసింది. "అందులోనివేనా?"

బీరమ్మ తల ఊపింది.

"అమ్మా, మా ఇంట్ల సల్లటి నీళ్లున్నయి, తెప్పిస్త" అంటూ పటేలు అడ్డం వచ్చాడు. ఆమె అతని వైపు చూడలేదు. వంగి దోసిలి పట్టింది.

బీరమ్మ బుర్ర ఎత్తబోయి ఆగింది. పైనుంచి పోయడానికి చేతులు రాలేదు. తనూ మట్టిలో కూర్చుని, ఆ దోసిలికి ఆనించి నీళ్లు వంచింది. ఆమె తాగింది. మూడో గుక్క మింగి తల ఎత్తి, "ఇన్నేనా?" అని అడిగింది.

"ఇన్నే అమ్మా" అంది బీరమ్మ.