“కాపురానికొచ్చిన” అన్న మాట

2022 వానాకాలం నాటి సంగతి ఇది. కొంపల్లిలో మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి, కళ్ళజోళ్ళ దుకాణం పై అంతస్తులో నా ఆఫీసు. విదేశాలకు వెళ్ళేవాళ్ళకు వీసా కాగితాలు సర్దిపెట్టడం నా పని. వీసా ఇచ్చేది నేను కాదు. ఈ ముక్క వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతాను. అయినా వాళ్ళు నా టేబుల్ సొరుగు వంకే చూస్తూ మాట్లాడతారు, వీసాలన్నీ అందులో పెట్టి తాళం వేశానన్నట్టు. నాకు ఓపిక తక్కువని మా ఆయన అంటూ ఉంటారు. మనుషుల దగ్గర తక్కువే, కాగితాల దగ్గర మాత్రం ఎక్కువ. మాది కాకినాడ. ఇటు వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఇక్కడి తెలంగాణ యాస నా నోటికి పట్టుబడలేదు. చెవికి మాత్రం బాగా అలవాటయింది.

ఆ వానాకాలంలో స్వరూప వచ్చింది. ఇల్లు శామీర్‌పేటలో, అక్కడికి దగ్గరే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. స్కూటీ మీద తడుస్తూ వచ్చి, గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, ఫైలు ఉన్న ప్లాస్టిక్ సంచిని ముందు తుడిచి తర్వాత మొహం తుడుచుకుంది. కాగితాన్ని అలా చూసుకునేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. వెంట వాళ్ళమ్మ యాదమ్మ ఉంది. మేడ్చల్ వైపు ఒక విత్తనాల గోదాములో గింజలు ఏరే పని చేస్తుంది. భర్త లేడు, ఒక్కతే కూతురు.

స్వరూపకు ఆ ఫిబ్రవరిలో పెళ్ళయింది. భర్త నవీన్‌ది సూరారం. విదేశంలో ఒక గ్యారేజీలో మెకానిక్‌గా చేస్తూ అక్కడే స్థిరపడ్డాడు. ఏ దేశమో చెప్పను, చెబితే ఎవరి కథో తెలిసిపోతుంది. సెలవు తక్కువ కావడంతో పెళ్ళయిన రెండు వారాలకే వెళ్ళిపోయాడు. అమ్మాయిని తీసుకెళ్ళడానికి స్పౌజ్ వీసాకు దరఖాస్తు పెట్టాలి. అంటే భర్త అక్కడి నుంచి స్పాన్సర్‌గా పూచీ పడితే, భార్యకు అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి ఇస్తారు. అది ఏడాదికి తేలవచ్చు, రెండేళ్ళూ పట్టవచ్చు. కొత్తగా పెళ్ళయినవాళ్ళకు అది ఎంత కాలమో చూడాలంటే నా ఆఫీసులో ఒక పూట కూర్చోవాలి.

దరఖాస్తు పెట్టాం. అది నడుస్తూ ఉండగా విజిటర్ వీసా మీద వెళ్ళి మూడు నెలలు భర్త దగ్గర ఉండి రావచ్చు. దానికి చట్టం ఒప్పుకుంటుంది. పైగా కలిసి ఉన్నారన్న రుజువు పెద్ద ఫైలుకు బలం కూడా. ఒకటే చిక్కు. విజిటర్ వీసా వాళ్ళకు కావలసిన నమ్మకం ఒక్కటే, ఈ మనిషి తిరిగి వెళ్తుందా లేదా అని. అటు పెద్ద ఫైలులో “నేను అక్కడే ఉండిపోతాను” అని రాసి, ఇటు చిన్న ఫైలులో “మళ్ళీ వచ్చేస్తాను” అని రాయాలి. రెండూ నిజమే. కానీ రెండింటినీ ఒకే మనిషి ఒకే రోజు చెబితే వినేవాళ్ళకు అబద్ధంలా ఉంటుంది.

కంపెనీ నుంచి సెలవు మంజూరు కాగితం, రానూపోనూ టికెట్టు, అన్నీ పెట్టాం. వీసా వచ్చింది. బయల్దేరే ముందు అమ్మాయిని కూర్చోబెట్టి చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

“ఎందుకొచ్చావంటే ఏం చెబుతావు?”

“టు విజిట్ మై హస్బెండ్, మేడమ్. త్రీ మంత్స్. దెన్ ఐ విల్ గో బ్యాక్.”

“పచ్చళ్ళు, విత్తనాలు, ఆకులు, బియ్యం... అవేవీ వద్దు. ఆ దేశం వాళ్ళకు వాటితో మహా పట్టింపు. పొరపాటున ఉన్నా సరే, విమానంలో ఇచ్చే కార్డు మీద ‘ఉంది’ అని రాసెయ్. చెబితే తీసి పారేస్తారు, అంతే. దాస్తేనే తప్పు.”

“సరే మేడమ్,” అంది. వాళ్ళమ్మ మాత్రం “బియ్యం కూడ వద్దంటరా?” అని అడిగింది. అక్కడ బియ్యం దొరుకుతాయిలే అన్నాను.

తర్వాత జరిగిందంతా స్వరూప నోటి నుంచి విన్నదే. వెళ్ళిన నాలుగో రోజుకు మళ్ళీ నా ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. శంషాబాద్‌లో దిగి ఇంటికి వెళ్ళి, పడుకుని లేచి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

మా వైపు ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు సారె పెడతాం. తెలంగాణలో ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు తల్లి కూతురి ఒడిలో పోస్తుంది. ఆ బియ్యం కూతురు అత్తవారింటికి తీసుకెళ్ళి వండి అందరికీ పెట్టాలి. పెళ్ళినాడు పోసినవి సూరారంలో వండుకుని తిన్నారు. కానీ కూతురు మొగుడితో కాపురం పెట్టడం ఇదే మొదలని యాదమ్మ మళ్ళీ పోసింది. మేడమ్ వద్దన్నదని చెప్పి, కూతురు అన్నీ తీసేసి రెండు పిడికెళ్ళ బియ్యం మాత్రం రవిక గుడ్డలో మూట కట్టుకుంది. తల్లి మాటా పోకూడదు, నా మాటా పోకూడదు. నేను చెప్పినట్టే కార్డు మీద ‘ఉంది’ అని రాసింది కూడా.

పాస్‌పోర్టు దగ్గర ఏ ఇబ్బందీ లేదు. నేర్పిన ఇంగ్లీషు నేర్పినట్టే చెప్పింది, ముద్ర వేశారు. సామాను తనిఖీ దగ్గర మూట విప్పారు. పచ్చగా ఉన్న ఆ బియ్యం ఏమిటని అడిగారు. ఒడిబియ్యానికి ఇంగ్లీషు ఎక్కడి నుంచి తెస్తుంది? “రైస్, మదర్, బ్లెస్సింగ్” అని ఏదో అంది. ఆ ఆఫీసరమ్మ మంచిదే. పాపం కంగారు పడుతోందని, ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను కలిపింది. ఇంటర్‌ప్రెటర్ అంటే ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పే ఉద్యోగి. సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు.

“అంత దూరం పోయినంక ‘బాగున్నారా అమ్మా’ అని తెలుగుల వినవడ్డది మేడమ్,” అంది స్వరూప. “నాకు ఏడుపొచ్చింది. మనోళ్ళే ఉన్నరనుకున్న.”

ఒడిబియ్యం గురించి ఆయనకు వివరంగా చెప్పింది. ఆయన అంత వివరంగానూ ఇంగ్లీషులో చెప్పాడు. ఈలోగా పెట్టెలు తెరిచారు. ప్రెషర్ కుక్కరు, పోపు డబ్బా, ఇద్దరికి సరిపడా దుప్పట్లు, డిగ్రీ సర్టిఫికెట్ల అసలు కాపీలు. నేను కాగితాలు చూశాను గానీ పెట్టెలు ఎవరు చూస్తారు? మూడు నెలలకు కుక్కరెందుకని వాళ్ళకు అనుమానం వచ్చింది. ఇంకో ఆఫీసరును పిలిచారు.

“అమ్మా, మీరు ఏం పని మీద వచ్చారని అడుగుతున్నారు,” అన్నాడట ఫోన్‌లో ఆయన.

“కాపురానికొచ్చిన సార్,” అంది.

మన భాషలో అంతకన్నా మర్యాదైన జవాబు లేదు. మొగుడి దగ్గరికి వెళ్ళిన పెళ్ళాం మరేమంటుంది? చుట్టపుచూపుగా వచ్చాననాలా? ఇంటర్‌ప్రెటర్ తన పని తాను చేశాడు. భర్తతో కలిసి బతకడానికి వచ్చింది అని చెప్పాడు. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. మళ్ళీ ఎప్పుడు వెళ్తారని అడిగితే, “మూడు నెల్లకు టికెట్ ఉంది సార్. గాలోపల పెద్ద వీసా వస్తే ఇగ ఈడ్నే ఉంట” అంది. అదీ నిజమే.

వీసా రద్దు చేశారు. బయట పూలు పట్టుకుని నిలబడ్డ నవీన్‌తో ఫోన్‌లో కాసేపు మాట్లాడనిచ్చారు. అతను మొదట అన్న మాట, “గట్లెందుకన్నవ్? మేడమ్ నేర్పింది చెప్తే అయిపోతుండె గదా?” వచ్చిన విమాన సంస్థ విమానంలోనే తిప్పి పంపేశారు.

“నేను అబద్ధం ఆడలే గదా మేడమ్?” అని అడిగింది నన్ను.

“ఆడలేదమ్మా. అదే వచ్చింది చిక్కు,” అన్నాను. వెటకారంగా అనలేదు కానీ వినడానికి అలాగే ఉంది. ఆ పిల్ల తల వంచుకుంది. ఆ మాట నేను మింగేసి ఉండాల్సింది.

పెద్ద ఫైలు ఇంకా బతికే ఉంది. కానీ వీసా రద్దయిందన్న మచ్చ ఒకటి పడింది, దానికి సంజాయిషీ రాయాలి. ‘కాపురం’ అనే మాటకు అర్థమేమిటో నాలుగు పేజీలు రాశాను. పెళ్ళాం మొగుడి దగ్గరికి వచ్చే ఏ రాకనైనా మేం ఆ మాటతోనే చెబుతామని, అందులో మోసం చేసే ఉద్దేశం లేదని, ఇవీ మా ఆచారాలని. నా జీవితంలో రాసిన మంచి కాగితం అదే.

ఈలోగా యాదమ్మ వచ్చి, “అమ్మా, జర సూరారం వచ్చి మా వియ్యపురాలికి మీరొక్క మాట చెప్పుండ్రి. మేం చెప్తే ఇంటలేదు” అని బతిమాలింది. నవీన్ తల్లి సత్తెమ్మ ఉండేది రెండు గదుల ఇల్లు. నాకు కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, మర్యాదగానే కూర్చోబెట్టింది. స్వరూప, యాదమ్మ గోడ పక్కన నిలబడ్డారు. విజిటర్ వీసా అంటే ఏమిటి, ఎందుకు రద్దు చేశారు, అంతా చెప్పాను.

“మీరు సదువుకున్నోళ్ళు, మీరు చెప్పేది నేను కాదంట లేను మేడమ్,” అంది సత్తెమ్మ. “కని గా ఇమానంల అంత మంది పోయిండ్రు. అందర్ని రానిచ్చిండ్రు. మా కోడల్నే ఎందుకు మర్లేసిండ్రు? బస్తీల అడుగుతుండ్రు, నేనేం చెప్పాలె?”

“నిజం చెప్పినందుకండీ,” అన్నాను.

“నిజం చెప్తే ఎవరన్న ఎల్లగొడ్తరా?” అంది. ఆమె గయ్యాళి కాదు. నిజంగానే అడిగింది. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆమె వింటూనే, కాపురానికి పోయిన పిల్ల ఒడిబియ్యం వండకుండా వాపసు రావడం మంచిది కాదని మధ్యలో తనలో తాను గొణుక్కుంది. వచ్చేటప్పుడు మెట్ల దాకా సాగనంపింది. కోడల్ని మాత్రం ఉండమనలేదు. స్వరూప వాళ్ళమ్మతోనే శామీర్‌పేట ఆటో ఎక్కింది.

లోకులు కాకులు అంటాం గానీ, కాకులు కాసేపు అరిచి పోతాయి. బస్తీ ఊరుకోలేదు. ఏదో రోగం బయటపడిందట అన్నారు కొందరు, ఏదో కేసుందట అన్నారు ఇంకొందరు. అవన్నీ సత్తెమ్మ ద్వారా రోజూ ఫోన్‌లో నవీన్‌కు చేరాయి. ఆ కుర్రాడూ చెడ్డవాడు కాదు. గ్యారేజీలో నిలబడి నిలబడి వచ్చి, తల్లి ఏడుపు ఒక వైపు, పెళ్ళాం ఏడుపు ఒక వైపు వినలేక ఫోన్ ఎత్తడం తగ్గించాడు.

స్పౌజ్ ఫైలు నడుస్తున్నంత కాలం, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారన్న రుజువులు మధ్యమధ్యలో పంపాలి. స్వరూప ఫోన్ తెచ్చి నా ముందు పెట్టేది, పనికొచ్చేవి ఏరుకోమని. మొదట్లో ఏరడం కష్టంగా ఉండేది, అంత మాట్లాడుకునేవారు. తర్వాత ఏరడానికి ఏమీ ఉండేది కాదు. “తిన్నవా”, “తిన్న”. అవే పంపాను. అవి చాలన్నారు వీసా ఆఫీసు వాళ్ళు. భార్యాభర్తలు తిన్నవా అనుకుంటే ఏ దేశంలోనైనా చాలు కాబోలు.

నా నాలుగు పేజీలు ఒప్పుకున్నారు. 2024లో స్పౌజ్ వీసా వచ్చింది. సంతోషం పట్టలేక పని వేళ అని కూడా చూడకుండా ఫోన్ చేశాను. సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. మెళ్ళో కంపెనీ ఐడీ కార్డు తీయలేదు. కాగితం చదివి, మళ్ళీ చదివి, మడిచి నా టేబుల్ మీదే పెట్టింది.

“నవీన్‌కు చెప్పావా?”

“మధ్యాహ్నం చెప్పిన మేడమ్.”

“ఏమన్నాడు?”

“‘వస్తే రా’ అన్నడు.” మెళ్ళో కార్డు తీసి సంచిలో పెట్టుకుంది. “‘రా’ అనలే మేడమ్.”

మొగవాళ్ళకు మాట్లాడడం చేతకాదమ్మా, వెళ్ళు, వెళ్తే అన్నీ సర్దుకుంటాయి అన్నాను. అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. ఆమె నవ్వింది. “ఒక్కసారి ‘కాపురానికొచ్చిన’ అని చెప్పుకున్న మేడమ్. గప్పుడు పిలిచిండు కాబట్టి చెప్పుకున్న. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?” అంది. వీసాలో మొదటిసారి దేశంలో అడుగు పెట్టడానికి ఒక గడువు ఉంటుంది. ఆ గడువు అలాగే దాటిపోయింది. కొన్నాళ్ళకు పెద్దమనుషుల మధ్య విడిపోయారు.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పాలంటే, పని పద్ధతిలో రెండు మార్చుకున్నాను. ఏ అమ్మాయి వచ్చినా ఎందుకు వెళ్తున్నావని ముందు తెలుగులో అడుగుతాను. దాదాపు అందరూ కాపురానికే అంటారు. “చూసి రావడానికి” అనమ్మా అని దిద్దుతాను. కట్టుకున్నవాణ్ణి చూసి రావడానికి అని ఒక ఆడపిల్ల చేత పలికిస్తుంటే ప్రతిసారీ నాకు నా మీదే చిరాకు వేస్తుంది. రెండోది, ఫైలు తెరవకముందే అత్తగారిని పిలిపించి కూర్చోబెడతాను. పిల్ల తిరిగి వస్తుంది, రావాలి, అదే ఆ వీసా షరతు అని చెబుతాను. ఎవరో తెలియని దేశపు ఆఫీసర్లకు కాపురం అంటే ఏమిటో నచ్చజెప్పగలిగాను. సూరారంలో ఒక తల్లికి, అదీ తెలుగులో, నచ్చజెప్పలేకపోయాను.

స్వరూప ఇప్పటికీ శామీర్‌పేటలోనే అదే ల్యాబ్‌లో చేస్తోంది. తన తోటివాళ్ళలో ఎవరికి వీసా పని పడినా నా దగ్గరికే పంపుతుంది. మొన్న వచ్చినమ్మాయిని నా గురించి ఎవరు చెప్పారని అడిగాను. “స్వరూపక్క చెప్పింది మేడమ్. ‘నా వీసా కూడ మేడమే తెప్పిచ్చింది, మస్తు మంచిగ చేస్తది, పో’ అన్నది” అంది. ఆ మాట వినడం నాకు కష్టంగా ఉంది. ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే బాగుండేది.